ఆరేళ్లు నిండనివ్వండి

ఏప్రిల్ నెల వచ్చేసరికి మన ఊళ్లలో కరెంటు స్తంభాలకు ఫ్లెక్సీలు వేలాడతాయి. పైన ‘అడ్మిషన్లు జరుగుచున్నవి’ అన్న అక్షరాలు, కింద మెడకు టై కట్టుకుని నవ్వుతున్న పసివాడి బొమ్మ. ఇక ఆ రోజు నుంచీ రెండున్నర, మూడేళ్ల పిల్లలున్న ఇళ్లలో ఒకటే చర్చ. పక్కింటివాళ్లు పాపని అప్పుడే వేసేశారట. ఈ ఏడు వెయ్యకపోతే మనవాడు వెనకబడిపోతాడేమో. సీట్లు అయిపోతాయేమో. ఇంట్లో నాయనమ్మ మాత్రం ‘ఇంకా చంక దిగని బిడ్డకి అప్పుడే బడేమిటే’ అంటూ ఉంటుంది. ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి, ఎదురైన తల్లులు నన్నూ అడుగుతుంటారు: ‘మేడమ్, మా వాణ్ణి ఈ జూన్‌లో వెయ్యమంటారా? వచ్చే జూన్ దాకా ఆగమంటారా?’

ఈ అడగడంలోనే రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఇంటి గడప దాటి, నలుగురు పిల్లల మధ్య పూటో అరపూటో గడపడం ఒకటి. పెన్సిలు పట్టుకుని, బల్ల ముందు కూర్చుని, చెప్పింది చెప్పినట్టు రాయడం మరొకటి. మన దగ్గర నర్సరీ, ఎల్‌కేజీ అనే పేరుతో ఈ రెండూ ఒకే రోజున, ఒకే గేటు దగ్గర మొదలైపోతున్నాయి. నా మాట సూటిగా చెబుతాను. మొదటిదానికి మూడేళ్లు చాలు. రెండోదానికి ఆరేళ్లు నిండాలి. ఈ మధ్యలో ఉన్న మూడేళ్లను ఎలా గడపాలన్నదే అసలు ప్రశ్న.

మా చిన్నతనంలో పల్లెటూరి బడిలో పిల్లవాణ్ణి చేర్చడానికి తీసుకెళితే మేష్టారు పుట్టిన తేదీ కాగితం అడిగేవారు కాదు. ఉంటే కదా అడగడానికి! కుడిచెయ్యి నడినెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకోమనేవారు. అందితే చేర్చుకునేవారు, అందకపోతే వచ్చే ఏడు రమ్మనేవారు. ఇది ఉత్త మోటు పద్ధతి అనుకుంటాం. కానీ పసిపిల్లలకు ఒంటితో పోలిస్తే తల పెద్దది, చేతులు పొట్టివి. చేతులు సాగి చెవి దాకా చేరడం మామూలుగా ఆరేళ్ల ప్రాంతంలో జరుగుతుంది. పాలపళ్లు ఊడడం మొదలయ్యేదీ దాదాపు అప్పుడే. కాగితాలు లేని ఆ కాలపు మేష్టార్లు ఒంటి ఎదుగుదలను చూసి, బిడ్డ సిద్ధంగా ఉన్నాడో లేడో అంచనా వేసేవారు. కాగితం మీది తేదీ కంటే అది కొన్నిసార్లు నమ్మకమైన కొలత. తరవాత వాళ్లే రిజిస్టరులో జూన్ 1 అనో జులై 1 అనో ఒక తేదీ వేసేసేవారు. నా తరంలో ఎంతోమందికి బడి రికార్డులో ఉన్న పుట్టినరోజు అదే.

చేతుల సంగతి వచ్చింది కాబట్టి మణికట్టు గురించి కూడా చెప్పాలి. ఇది ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవలసిన విషయమని నా గట్టి నమ్మకం. మన మణికట్టులో ఎనిమిది చిన్న చిన్న ఎముకలుంటాయి. పుట్టిన బిడ్డలో అవి ఇంకా ఎముకలు కావు, మెత్తని మృదులాస్థి మాత్రమే. మొదటి రెండూ కొద్ది నెలల్లోనే గట్టిపడడం మొదలుపెడతాయి. మిగతావి ఏళ్ల తరబడి ఒకదాని వెనక ఒకటి ఆ దారి పడతాయి. చిట్టచివరిది మొదలయ్యేసరికి ఎనిమిదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మూడేళ్ల బిడ్డ చేతిని ఎక్స్‌రే తీస్తే మణికట్టు దగ్గర చాలావరకు ఖాళీగానే కనిపిస్తుంది. అలాంటి చేతికి సన్నని పెన్సిలిచ్చి, నాలుగు గీతల పుస్తకంలో గీత దాటకుండా పేజీ నింపమంటున్నాం. రాయలేక ఏడిస్తే మొండివాడంటున్నాం. ఇంకో మాట. ఆడపిల్లల్లో ఈ ఎముకలు మగపిల్లల కంటే ముందుగా గట్టిపడతాయి. ‘అక్క ఈ వయసుకి చక్కగా రాసేది, వీడికి శ్రద్ధ లేదు’ అని కొడుకును పోల్చి చూసే తల్లులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

వీధి బడుల కాలంలో పిల్లవాడి చేత మొదట ఇసుకలో వేలితో దిద్దించేవారు. భుజం నుంచి చెయ్యంతా కదిలేది. అక్షరం పెద్దగా, వెడల్పుగా వచ్చేది. తరవాత పలక, బలపం. కాగితం, కలం చాలా దూరం. అక్షరాభ్యాసం అయిదో ఏట చెయ్యాలన్నది పెద్దల మాట. ఇప్పుడు బాసర సరస్వతి గుడికి వసంత పంచమినాడు వెళ్లి చూడండి, రెండేళ్లవాళ్లూ మూడేళ్లవాళ్లూ ఎంతమంది ఉంటారో. అందులో నాకు తప్పేమీ కనిపించదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని, పలక మీదో పళ్లెంలో పోసిన బియ్యం మీదో ఓనమాలు దిద్దించడం ముచ్చటైన వేడుక. ఆ వేడుక అయిన మర్నాడు బిడ్డ మళ్లీ ఆటల్లో పడాలి. మర్నాటి నుంచే హోంవర్క్ మొదలుపెట్టించడం మన కాలపు తొందర.

ఆ హోంవర్క్‌లో ఏముంటుంది? మూడున్నరేళ్ల పాపకి ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు ఇరవైయారు, చిన్నబడి అక్షరాలు ఇరవైయారు. కొన్ని బడుల్లో వీటికి తోడు కలిపిరాత. ఒకటి నుంచి వంద దాకా అంకెలు. యూకేజీకి వచ్చేసరికి తెలుగు, దాని వెనకే హిందీ. మన తెలుగు లిపి ఎంత అందమైనదో అంత విస్తారమైనది. అచ్చులు, హల్లులు, ప్రతి హల్లుకూ గుణింతం, ఆపైన ఒత్తులు. అన్నీ కలిపితే బిడ్డ గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. బాగా చెప్పే టీచరున్నా వాటి మీద పట్టు రావడానికి మూడు నాలుగు తరగతులు పడుతుంది. అది తెలివితక్కువతనం కాదు, లిపి స్వభావం. అలాంటప్పుడు ఒకటో తరగతిలోకి రాకముందే చదవడం, రాయడం వచ్చేయాలని పంతం పట్టడం దేనికి?

నా అనుభవంలో చూసిందొకటి చెబుతాను. ఒకటో తరగతిలోకి రెండు రకాల పిల్లలు వచ్చేవారు. అప్పటికే మూడేళ్లు రాసి రాసి వచ్చినవాళ్లు. ఏమీ రాయకుండా, కానీ ఇంట్లో కథలు విని, పాటలు పాడి, మాటలు మూటగట్టుకుని వచ్చినవాళ్లు. జూన్‌లో మొదటివాళ్లు ముందుండేవారు. సంక్రాంతి సెలవుల నాటికి ఆ తేడా కనిపించేది కాదు. రెండో రకం పిల్లల్లో చాలామంది పుస్తకం తెరవడానికి ఉత్సాహంగా ఉండేవారు. మొదటి రకంలో కొందరు పుస్తకం చూడగానే మొహం తిప్పుకునేవారు. ఆరేళ్లకే చదువంటే విసుగు పుట్టిన బిడ్డను మళ్లీ దారిలో పెట్టడం టీచరుకు చాలా కష్టమైన పని.

అలాగని ఆరేళ్లు వచ్చేదాకా బిడ్డను ఇంట్లోనే టీవీ ముందు కూర్చోబెట్టమని కాదు నా ఉద్దేశం. మూడేళ్లు నిండిన బిడ్డకి తోటిపిల్లలు కావాలి. బొమ్మ కోసం దెబ్బలాడుకోవడం, మళ్లీ కలిసిపోవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, అమ్మ కాని మరో పెద్దమనిషిని నమ్మి ‘నాకు ఒంటికి వస్తోంది’ అని చెప్పగలగడం ఈ వయసు పాఠాలు. ఒకప్పుడు ఇవన్నీ ఇంట్లో, వీధి అరుగు మీద దొరికేవి. పెదనాన్నల పిల్లలు, పిన్ని పిల్లలు, వాకిట్లో ఇసుక, సాయంత్రం అమ్మమ్మ చెప్పే పేదరాశి పెద్దమ్మ కథ. ఇప్పుడు అపార్టుమెంటు మూడో అంతస్తులో ఒక్క బిడ్డ, పనిలో ఉన్న తల్లిదండ్రులు, చేతిలో ఫోను. ఆ బిడ్డకు రోజుకి మూడు నాలుగు గంటలు పిల్లలతో ఆడుకునే చోటు దొరికితే అది భాగ్యం. దాన్ని బాలబడి అనండి, ప్లే స్కూలనండి. పేరు ఏదైనా అక్కడ ఆట ఉండాలి.

ఇక మన సమాజంలో మరో సగం ఇళ్లున్నాయి. అక్కడ ‘ముందు వెయ్యాలా, ఆగాలా’ అన్న చర్చ ఉండదు. పత్తి తియ్యడానికో మిరపకాయలు కొయ్యడానికో తల్లి పొద్దున్నే కూలికి వెళుతుంది. ఇంట్లో రెండేళ్లవాడు, నాలుగేళ్లది. వాళ్లను ఎవరు చూడాలి? ఎనిమిదో తొమ్మిదో ఏళ్లున్న పెద్దపిల్ల చూస్తుంది. ఆ పిల్ల బడి మానేస్తుంది. మొదట వారానికి రెండు రోజులు, తరవాత పత్తి తీసే కాలమంతా, ఆ తరవాత పూర్తిగా. మన రాష్ట్రాల్లో ఆడపిల్లలు చదువు మధ్యలో ఆపేసిన కథల్లో ఎన్నింటికో మూలం ఇదే. చెల్లిని, తమ్ముణ్ణి ఎత్తుకుని ఒకటో తరగతి గుమ్మం దగ్గర నిలబడి పాఠం వినే ఆడపిల్లల్ని నేను చూశాను. వాళ్లలో ఎంత తెలివైనవాళ్లున్నారో!

అందుకే అంగన్‌వాడీని నేను చిన్నచూపు చూడను, ఎవరైనా చూస్తే ఊరుకోను. 1975 అక్టోబరు 2న గాంధీ జయంతి రోజున, దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన పథకమది. ఈ రోజు మన పల్లెల్లో అంగన్‌వాడీ లేని ఊరు అరుదు. టీచరు, ఆయా, మధ్యాహ్నం వేడి అన్నం, గుడ్డు, బరువు తూచే కాటా, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలు. చిన్నవాళ్లు అంగన్‌వాడీలో ఉంటే పెద్దపిల్ల బడిలో ఉంటుంది. ఒక బిడ్డను చేరిస్తే ఇద్దరు చదువుతారు. ఇలాంటి ఇళ్లలో మూడేళ్లు నిండిన రోజే తీసుకెళ్లి చేర్చండి, ఒక్క రోజు కూడా ఆగొద్దు. మూడేళ్లలోపు బిడ్డకి అక్కడ తిండి, టీకాలు, బరువు చూడడం ఉంటాయి కాబట్టి అంతకుముందు నుంచే రాకపోకలు పెట్టుకోండి.

చిన్నపిల్లల బడి వల్ల నిజంగా మేలు జరుగుతుందా అని ప్రపంచంలో ఎన్నో చోట్ల లెక్కలు తీశారు. రెండు మాత్రం చెబుతాను, ఎందుకంటే రెండూ కలిపి వింటేనే విషయం తెలుస్తుంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఇప్సిలాంటి అనే ఊరుంది. 1962లో అక్కడి పేద నల్లజాతి పిల్లల కోసం ఒక బాలబడి పెట్టారు. పెర్రీ ప్రీస్కూల్ అంటారు. మూడు, నాలుగేళ్ల పిల్లలు. రోజుకి రెండున్నర గంటలు మాత్రమే. ఈ రోజు ఏం ఆడుకుంటావో నువ్వే చెప్పు అని పిల్లల్నే అడిగేవారు. ఆడుకున్నాక ఏం చేశావో చెప్పమనేవారు. వారానికోసారి టీచరు ఇంటికి వెళ్లి తల్లితో మాట్లాడేది. బడికి వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ కలిపి మొత్తం 123 మంది పిల్లల్ని నలభయ్యో ఏడు వచ్చేదాకా వదలకుండా గమనించారు. వచ్చినవాళ్లలో హైస్కూలు పూర్తిచేసినవాళ్లు ఎక్కువ, మంచి సంపాదన ఉన్నవాళ్లు ఎక్కువ, పోలీసు కేసుల్లో చిక్కుకున్నవాళ్లు తక్కువ.

రెండోది అదే దేశంలో టెనెసీ రాష్ట్రంలో. ప్రభుత్వమే పెట్టిన బడులు. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువ రావడంతో లాటరీ తీశారు. సీటు వచ్చినవాళ్లూ రానివాళ్లూ కలిపి 2,990 మంది పిల్లలు. 2022లో వచ్చిన ఫలితం అందరినీ ఆశ్చర్యపరిచింది. ఆరో తరగతికి వచ్చేసరికి, చిన్నప్పుడు ఆ బడికి వెళ్లిన పిల్లల మార్కులు వెళ్లనివాళ్ల కంటే తక్కువగా ఉన్నాయి, క్రమశిక్షణ ఇబ్బందులు ఎక్కువగా ఉన్నాయి. చిన్నపిల్లల బడి అన్న పేరున్నంత మాత్రాన మేలు జరగదు. లోపల ఏం జరుగుతోందన్నదే లెక్క. మిషిగన్‌లో జరిగింది కొద్దిమంది పిల్లలతో, ఎంతో శ్రద్ధతో చేసిన పని. దాన్ని చూపించి ఏ బడైనా మంచిదే అనుకోవడం పొరపాటు.

మన దేశంలోనూ దీని గురించి లోతుగా ఆలోచించినవాళ్లు ఉన్నారు. గుజరాత్‌లో గిజుభాయ్ బధేకా అనే వకీలు కోర్టు పని వదిలేసి, 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టాడు. భయం లేకుండా, దెబ్బ లేకుండా, కథలతో ఆటలతో పసిపిల్లలకు చదువు చెప్పొచ్చని చేసి చూపించాడు. పిల్లలు ఆయన్ని ‘మీసాల అమ్మ’ అని పిలిచేవారు. ఇప్పటికి వందేళ్లు దాటింది. 1989లో రచయిత ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో తన తొలి ప్రసంగాన్ని పిల్లల వీపు మీద పుస్తకాల బరువుకే కేటాయించారు. ఆ తరవాత ప్రొఫెసర్ యశ్‌పాల్ కమిటీ 1993లో ఇచ్చిన నివేదికలో, నర్సరీలో చేర్చుకోవడానికి పరీక్షలూ ఇంటర్వ్యూలూ ఉండకూడదని స్పష్టంగా చెప్పింది. అయినా ఇప్పటికీ మూడేళ్ల బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టి ‘వాట్ ఈజ్ యువర్ నేమ్’ అని అడిగి సీటు తేల్చే బడులున్నాయి. అలాంటి బడి గేటు దగ్గరే వెనక్కి తిరిగి రండి.

ఇప్పుడు వయసు లెక్కల సంగతి. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వర్తిస్తుంది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అంది. మూడేళ్లు ఆటపాటల బడి, ఆరేళ్లు నిండాక ఒకటో తరగతి. కేంద్రీయ విద్యాలయాలు 2022లో ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలని నియమం పెడితే కొందరు తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు. వాళ్ల వాదనను ఢిల్లీ హైకోర్టు కాదంది, సుప్రీంకోర్టు కూడా కాదంది. గుజరాత్ హైకోర్టు 2023లో ఇంకో అడుగు ముందుకు వేసి, మూడేళ్లు నిండని బిడ్డను బలవంతంగా బడికి పంపడం తల్లిదండ్రులు చేస్తున్న చట్టవిరుద్ధమైన పని అని తప్పుపట్టింది. మన రెండు రాష్ట్రాల్లో అయిదేళ్లకు ఒకటో తరగతి అన్నది ఎన్నాళ్లుగానో అలవాటైన లెక్క. ఆ అలవాటు ప్రకారం వెనక్కి లెక్కేసుకుంటే నర్సరీ రెండేళ్లకు దిగుతుంది. అక్కడే మనకు ఇబ్బంది వస్తోంది.

దేశదేశాల లెక్కలు చూస్తే, అయిదేళ్లన్న అంకె శాస్త్రంలోంచి పుట్టింది కాదని తెలుస్తుంది. ఇంగ్లండులో 1870 చట్టం నాటి నుంచీ అయిదేళ్లకే బడి. ఫిన్లాండులో ఇప్పటికీ ఏడేళ్లు. ఆరో ఏడంతా బడికి సిద్ధం చేసే ఆటపాటల సంవత్సరం. జపానులో ఆరేళ్లు. ఏడేళ్లకు మొదలుపెట్టిన ఫిన్లాండు పిల్లలు పెద్దయ్యాక ఎవరికీ తీసిపోలేదు.

ఇక, గడువు తేదీకి అటూ ఇటూగా పుట్టిన పిల్లల మాట. జూన్ మొదటివారంలో పుట్టినవాడూ, మరుసటి మే నెలాఖరులో పుట్టినవాడూ ఒకే తరగతిలో కూర్చుంటారు. ఇద్దరి మధ్యా దాదాపు ఏడాది. మనకు నలభై ఏళ్ల వయసులో ఏడాది తేడా ఒక లెక్కా? అయిదేళ్ల బిడ్డకు మాత్రం అది జీవితంలో అయిదో వంతు. పెద్దవాడు తెలివైనవాడిగా, చిన్నవాడు మందకొడిగా కనిపిస్తారు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో తొమ్మిది లక్షల మందికి పైగా పిల్లల వివరాలు చూసి 2012లో ఒక విషయం బయటపెట్టారు. అక్కడ గడువు డిసెంబరు 31. డిసెంబరులో పుట్టి, తరగతిలో అందరికంటే చిన్నవాళ్లుగా ఉన్న మగపిల్లల్లో, నిలకడ లేకపోవడం అనే జబ్బు ఉందని డాక్టర్లు తేల్చినవాళ్లు జనవరిలో పుట్టినవాళ్ల కంటే 30 శాతం ఎక్కువ. ఆడపిల్లల్లో ఆ తేడా 70 శాతం. వాళ్లలో కొందరికి ఉన్నది జబ్బు కాదు, చిన్న వయసు. మన దగ్గర మందులివ్వరేమో కానీ, ‘అల్లరివాడు’, ‘బుర్ర ఎక్కదు’ అన్న ముద్రలు వేస్తాం. అవి మందుల కంటే ఎక్కువకాలం ఉంటాయి.

అందుకని నా సలహా ఇది. మీ బిడ్డ గడువుకు అటూ ఇటూ ఉంటే, ఆగండి. తరగతిలో చిన్నవాడిగా కుస్తీ పట్టడం కంటే పెద్దవాడిగా నిలదొక్కుకోవడం మేలు. టెక్సాస్‌లో ఉన్న మా బంధువుల అమ్మాయి ఈ మధ్య ఫోన్ చేసి ఇదే అడిగింది. అక్కడ సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్లు నిండితేనే కిండర్‌గార్టెన్. వాళ్ల బాబు ఆ నెల మొదటివారంలో పుట్టాడు. కొద్ది రోజుల తేడాతో ఏడాది పోతోందని బెంగ. పోవడం లేదమ్మా, వాడి చేతికి ఒక ఏడాది బాల్యం దొరుకుతోంది అన్నాను. ఏడాది వెనకబడతాడని భయపడే తల్లిదండ్రులకు ఇంకో లెక్క చెబుతాను. మెడిసిన్ సీటుకి నీట్ రాయాలంటే, చేరే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. నాలుగున్నరేళ్లైనా నిండకుండా ఒకటో తరగతిలో వేసినవాణ్ణి ఇంటర్ అయ్యాక ఇంట్లో కూర్చోబెట్టాల్సి రావచ్చు. ఆ ఏడాదేదో మూడేళ్ల వయసులోనే ఆడుకోనిస్తే సరిపోయేది కదా!

బడిని ఎలా ఎంచుకోవాలి? చేర్చే ముందు పొద్దున పది, పదకొండు గంటల మధ్య ఒకసారి వెళ్లండి. రంగుల గోడలు, ఏసీ గదులు చూడకండి. పిల్లలు మాట్లాడుతున్నారా, నోటి మీద వేలు వేసుకుని కూర్చున్నారా? మూడేళ్ల పిల్లలు నిశ్శబ్దంగా ఉన్న గది మంచి గది కాదు. ఇసుక, నీళ్లు, బంకమట్టి, పూసలు, చెక్కముక్కలు పిల్లల చేతికందే ఎత్తులో ఉన్నాయా, లేక అలమరలో తాళం వేసి ఉన్నాయా? పూసలు గుచ్చే చెయ్యి, మట్టి పిసికే చెయ్యి రేపు పెన్సిలు బాగా పట్టుకుంటుంది. ఒక్క టీచరుకి ఎంతమంది పిల్లలు? మరుగుదొడ్డి పిల్లల ఎత్తుకి సరిపోతుందా, ఆయా పక్కన ఉంటుందా? టీచరు తెలుగులో మాట్లాడుతుందా? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. మూడేళ్ల బిడ్డకు దాహమేస్తే, కడుపునొప్పి వస్తే, ఎవరైనా కొడితే తన ఇంటిభాషలోనే చెబుతాడు. ‘తెలుగు మాట్లాడకూడదు’ అని ఆ వయసులో నోరు కట్టేస్తే, వాడికి ఏ భాషలోనూ మాటలు పెరగవు. భద్రాచలం మన్యంలో కోయ పిల్లల సంగతీ ఇదే. వాళ్లకు తెలుగు కూడా బడి భాషే. అక్కడి టీచరుకు కోయ మాటలు రావాలి.

వ్యాను సంగతి కూడా అడగండి. మూడు గంటల బాలబడి కోసం రానూపోనూ రెండు గంటలు వ్యానులో కుక్కుకుని తిరగడం పసిబిడ్డకు శిక్ష. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు మధ్యాహ్నపు కునుకుతో కలిపి రోజుకి పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలి. పొద్దున్నే నిద్రలో ఉన్న బిడ్డకు యూనిఫాం తొడిగి, నోట్లో ఇడ్లీ కుక్కి పంపేవాళ్లు ఈ లెక్క వేసి చూడండి. ఇంటికి నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉన్న మామూలు చోటు, ఊరికి అవతలున్న పేరుమోసిన బడి కంటే ఈ వయసుకు మంచిది.

అన్ని విషయాల్లోనూ ఆగమని మాత్రం చెప్పను. రెండేళ్లు దాటినా రెండు మాటలు కలిపి పలకకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, మూడేళ్లకు బయటివాళ్లకు బిడ్డ మాట బొత్తిగా అర్థం కాకపోయినా ‘వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడు’ అనుకుంటూ కూర్చోకండి. వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి, వినికిడి పరీక్ష చేయించండి. ఇలాంటి పిల్లల కోసం జిల్లా పెద్దాసుపత్రుల్లో డీఈఐసీ అనే కేంద్రాలు పనిచేస్తున్నాయి. అంగన్‌వాడీ టీచరును అడిగినా దారి చెబుతుంది. ఈ పిల్లలకు తొందరగా సాయం అందాలి, తోటిపిల్లల సావాసం కూడా తొందరగానే కావాలి.

చివరిగా, మొదటి రోజుల ఏడుపు గురించి. దాదాపు ప్రతి బిడ్డా ఏడుస్తాడు. ఏడవడం బడి మీద కోపంతో కాదు, అమ్మ తిరిగి వస్తుందో రాదో అన్న భయంతో. బిడ్డ ఏమరుపాటుగా ఉన్నప్పుడు కళ్లుగప్పి జారుకోకండి. ఆ భయం నిజమేనని మీరే రుజువు చేసినట్టవుతుంది. మొదటి వారం కొంతసేపు అక్కడే కూర్చోండి. రెండో వారం గంటసేపు వదిలి రండి. వెళ్లేటప్పుడు కళ్లలోకి చూసి చెప్పి వెళ్లండి. పన్నెండింటికి వస్తానంటే బిడ్డకు తెలియదు. ‘నువ్వు అన్నం తిని చెయ్యి కడుక్కునేసరికి వస్తాను’ అంటే తెలుస్తుంది. ఆ మాట తప్పకండి. నెల గడిచినా ఏడుపు ఆగక, రాత్రిపూట ఉలిక్కిపడి లేస్తూ, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెడితే, ఆ బడిలో ఏదో సరిగా లేదు. లేదా బిడ్డకు ఇంకా సమయం కాలేదు. మాన్పించడానికి సిగ్గుపడకండి. కట్టిన ఫీజు పోతే పోయింది. ఇంటికి రాగానే ‘ఈ రోజు ఏం రాశావు’ అని అడగడం మానేసి, ‘ఎవరితో ఆడుకున్నావు’ అని అడగండి.

తల్లులారా, తండ్రులారా, మీ ఊరి అంగన్‌వాడీకి ఈ వారంలోనే ఒకసారి వెళ్లి రండి. బాగుంటే పిల్లల్ని చేర్చండి. బాగు లేకపోతే నలుగురూ కలిసి పంచాయతీలో అడగండి. చిన్న తరగతుల్లో రాతపని వద్దని మీ బడివాళ్లకు మీరే చెప్పండి. తల్లిదండ్రులు అడుగుతున్నారనే చాలా బడులు రాయిస్తున్నాయి, వద్దంటే మానేస్తాయి. ఒకటో తరగతికి దరఖాస్తు నింపేటప్పుడు ఆరు నెలలు పెంచి రాయమని ఎవరు చెప్పినా వినకండి. బిడ్డ నిజంగా పుట్టిన తేదీనే రాయండి.